ఏ ఎండ?

పద్మారావు నగర్‌లోని ఒక బడి ఆవరణలో సూర్యుడి గురించి చెప్పే ప్రదర్శన బస్సు ఆగి ఉంది. పిల్లలంతా చూసి వెళ్లిపోయాక, బడి ఊడ్చే ఆమె లోపలికొచ్చి గైడును అడుగుతోంది.

"సారూ, సూర్యుని మీద తుఫాన్ లేస్తే మీకు ముందుగాలే ఎర్కైతదా?"

"తెలుస్తుందమ్మా. అది భూమిని తాకడానికి ఒకటి రెండు రోజుల ముందే చెప్పి ఉపగ్రహాలను కాపాడుకుంటాం."

"మిషన్లను కాపాడుతరా? మా ఆయన రోడ్డు పని చేస్తుండె. పోయిన మే నెలల, మిట్టమధ్యాహ్నం తారు పోసుకుంటనే పడిపోయిండు."

"అయ్యో! వడదెబ్బా?"

"ఒళ్లు పట్టుకుంటే పెనం లెక్క కాలింది సారూ. దవాఖానల మాత్రం గుండె ఆగిందని రాసిండ్రు. ఎండ అని రాస్తే కంట్రాక్టరుకు తక్లీఫ్ అయితదంట. ఎండకే పోయిండని మీరన్న ఒక కాయితం రాసియ్యుండ్రి."

"నేను రాస్తే చెల్లదమ్మా."

"గింత దూరంకెళ్లి సూర్యుణ్ణి చూస్తుండ్రు గద. ఆ దినం ఎండ ఎంతుండెనో మీ మిషన్లల్ల లేదా?"

"మేం చూసేది వేరమ్మా. ఆ ఎండ కాదు."

"అంటే, ఇంకో సూర్యుడు సుత ఉన్నడా సారూ?"

"లేడమ్మా, ఒక్కడే. ఇక దిగండి, బస్సు మూసెయ్యాలి."