ఇరుసు సరిపోయిందని నేనే చెప్పిన

"తాతా, ట్రాక్ సైకిల్‌కు ఫ్రేమ్ కొన్న. క్రాంక్ ఏది వెయ్యాలె, దానికి బీబీ ఏది తేవాలె? మౌనికక్క నిన్నే అడుగుమన్నది."

మౌనిక నన్ను అడుగుమన్నదా? నవ్వుకుంట అన్నదా, ఊకెనే అన్నదా? సరే తియ్. కూసో శ్రావ్యా. నా మాటలు ఫోన్ల ఎక్కిచ్చుకుంటున్నవా? ఎక్కిచ్చుకో, నాకేం సిగ్గు లేదు. లేదంటే అబద్ధమైతది, ఉన్నది. అయినా ఎక్కిచ్చుకో.

క్రాంకంటే ఏంది, పెడల్ కట్టుండే చెయ్యి, దాంతోని పండ్ల చక్రం. బీబీ అంటే ఫ్రేములకెళ్ళి అడ్డం పోయే ఇరుసు. ఆ ఇరుసు కొనకు నాలుగు పలకలుంటయి, కొసకు పోయినకొద్దీ సన్నమైతది. క్రాంకుకు గూడ నాలుగు పలకల బొక్కుంటది. బోల్టు బిగిస్తే క్రాంకు ఇరుసు మీదికెక్కి పట్టుకుంటది. గంతే. సూస్తే అన్నీ ఒక్కతీరే కనబడ్తయి. కాని రెండు మాపులు, అంటే రెండు తీర్ల కొలతలున్నయి బిడ్డా, ఒకటి జపానోళ్ళది, ఒకటి ఇటలీ దిక్కుది. వెంట్రుకంత తేడా. నా బతుకంత వెంట్రుకంత తేడాలు సరిచేసుడే కదా, గా తేడా నాకో లెక్కనా అనుకున్న.

నా సంగతి నీకు తెల్వది గని మీ నాయినమ్మకు తెలుసు. నాకు వరుసకు చెల్లె అయితది, మా మేనత్త బిడ్డ... కాదు కాదు, మేనత్త ఆడిబిడ్డ బిడ్డ. సిరిసిల్ల దిక్కుకెళ్ళొచ్చి గీ సూరత్‌ల ముప్పై ఎనిమిదేండ్లు సాంచలు, అదే బట్ట నేసే మరమగ్గాలు, రిపేర్ చేసిన. గప్పుడు పాత సైకిల్ మూడు నూర్లకు దొరికేది, దాని మీదనే భేస్తాన్‌కెళ్ళి కార్ఖానకు పోయెటోన్ని. మూడు నూర్లా, రెండు నూర్ల ఎనభయ్యా... అదీ మీ నాయినమ్మనే అడుగు. ఎనభై సాంచలు ఒక్కపారి కొట్టుకుంటుంటే అండ్ల ఏ సాంచ బోల్టు వదులైందో గడప కాడ నిలబడి చెప్పెటోన్ని. మాస్టర్, మాస్టర్ అనెటోళ్ళు. సేటు గూడ కుర్సీలకెళ్ళి లేశి మాట్లాడెటోడు. గా మాట నెత్తికెక్కింది సూడు, అసలు రోగం అదే.

మౌనిక నా కొడుకు బిడ్డ. దానికి గీ సైకిల్ పిచ్చి ఎట్ల పట్టిందో నాకు తెల్వది, పట్టింది. నీకు తెలిసిందే గని, ట్రాక్ సైకిల్‌కు బ్రేకుండదు, చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరుగుతనే ఉంటది. కాళ్ళు ఆపుదామన్నా ఆగయి. వంపుల పెడల్ నేలకు తాకొద్దంటే క్రాంకు పొట్టిగుండాలె. దానికి నూట డెబ్బై మిల్లీమీటర్లది ఉండె, నూట అరవై అయిదుది వెయ్యిండ్రి అన్నడు కోచ్ సారు. ట్రయల్స్ ముంగటున్నయి. మరుసటేడు వయసు దాటుతది, ఇగ అదే ఆఖరు. అండ్ల పాసైతే హాస్టల్ల పెట్టుకుంటరు, సదువు, తిండి, నేర్పుడు అంత వాళ్ళదే. కాకుంటే చీరెలకు రాళ్ళంటిచ్చే పనికి రావాలె అని వాళ్ళమ్మ ముందుగాలనే చెప్పింది. నా కోడలు చెడ్డది కాదు, ఇల్లు గడవాలె కదా.

పొట్టి క్రాంకు సారు దగ్గర పాతది ఒకటుంటే ఇచ్చిండు. జపాన్ మాపుది. ఫ్రేముల ఉన్న ఇరుసు ఇటలీ మాపుది. నేను పట్టుకపోయి సైకిల్ దుకాణం ఆయనకు చూపిచ్చిన. గుజరాతీ ఆయన, మంచోడు. పెట్టి సూశిండు, తల అడ్డంగ ఊపిండు. "కాకా, నహీ చాలే", నడువది అన్నడు. బొక్క పెద్దగుంది, ఇరుసు సన్నగుంది, బోల్టు బిగిసినట్టే ఉంటది గని క్రాంకు పట్టుకోదు, జపాన్ మాపు ఇరుసే కావాలె, తెప్పిస్త, పది దినాలు పడ్తది అని చెప్పిండు. మాకు ఆరు దినాలే ఉండె.

తెప్పియ్యమని చెప్పలే. ముప్పై ఎనిమిదేండ్లు ఫిట్టర్ పని చేసినోన్ని, నాకు దుకాణమోడు చెప్తడా అనుకున్న. ఇంటికొచ్చి పెట్టిన. ఆయన అన్నట్టే లోపలికి జొరబడ్డది, పండ్ల చక్రం ఫ్రేముకు ఆనుతున్నది, చైను వంకరపోతున్నది. మరి సాంచల గిట్ల వదులైతే మేమేం చేస్తం? రేకు ముక్క కత్తిరిచ్చి నడుమల పెట్టి బిగిస్తం. ఏండ్లకేండ్లు నడుస్తది. నూనె డబ్బా రేకు కత్తిరిచ్చి నాలుగు పలకలకు నాలుగు ముక్కలు పెట్టిన. బోల్టు బిగిచ్చిన. క్రాంకు ఎంత బయటికి రావాలెనో అంతే వచ్చింది.

మల్ల పరీక్ష గూడ చేసిన, ఊకెనే ఇడువలే. ముంగటి పండ్ల చక్రం కాడికెళ్ళి ఎనుక చక్రం దాక నూలు పోగు గుంజి పట్టిన. సాంచల మేం గట్లనే సూస్తం. పోగు సక్కగ వచ్చింది. పెడల్ మీద నా బరువంత పెట్టి నిలబడ్డ, కదల్లే. ఇంకేం కావాలె నాకు.

పొద్దుమీకి మౌనిక వచ్చి, "తాతా, ఇరుసు మార్చినవా?" అన్నది.

"మార్చిన. సరిపోయింది" అన్న.

దుకాణమోడు పది దినాలన్న సంగతి దానికి తెలుసు, అయినా ఇంత జల్ది ఎట్ల ఇచ్చిండని అడుగలే బిడ్డా. తాత చెప్పిండు కదా, అంతే దానికి.

ట్రాక్ మన సూరత్‌ల యాడిది, రైలెక్కి పోయినం. సిమెంటుది, కోడి గుడ్డు తీరుగ, వంపుల గోడ లేశినట్టు లేశి ఉంటది. మౌనిక వేడెక్కుతానికి నాలుగు రౌండ్లు కొడుతున్నది. నేను మెట్ల మీద కూసున్న. నా ముంగటికెళ్ళి పోయింది. టిక్ అన్నది.

ఎవ్వలికీ ఇనబడలే, నాకు ఇనబడ్డది. మల్ల వచ్చింది, మల్ల టిక్. పెడల్ తిరిగిన ప్రతిసారి ఒక్కటి. జోరు తగ్గిద్దామని కాళ్ళతోని ఎనుకకు ఆపుతది సూడు, అప్పుడు రెండు. టిక్ టిక్.

గప్పుడు తెలిసింది నాకు. సాంచ ఒక్క దిక్కే తిరుగుతది, రేకు ఒక్క దిక్కే ఒత్తుకుంటది, పడి ఉంటది. గీ సైకిల్ ముంగటికి గుంజుతది, ఎనుకకు గుంజుతది. రేకు నలుగుతది. నలిగితే తెగుతది. తెగినంక, గా వంపు మీద, గా జోరుల, కాళ్ళు పెడల్‌కు పట్టీలతోని కట్టేసి ఉన్న పిల్ల...

జర ఆగు, నీళ్ళియ్యి.

మౌనిక కంటే ముంగట ఇద్దరే ఉన్నరు. నేను లేవాలె కదా? లేవలే. ట్రయల్ రెండు రౌండ్లే కదా, రెండు రౌండ్లకు పట్టుకుంటదేమో అనుకున్న. రేకు మంచిదే, డబ్బా రేకు, పట్టుకుంటది. గిట్ల అనుకున్న శ్రావ్యా. నా అబద్ధం బయటపడుతదని మనుమరాలి ఎముకలు పందెం పెట్టిన. ఇది ఇంట్ల ఎవ్వలికీ చెప్పలే. నీకే చెప్తున్న.

ఒకామె అయిపోయింది. రెండో ఆమె గూడ అయిపోయింది. మౌనికను గీత మీద నిలబెట్టిండ్రు, ఎనుకకెళ్ళి ఒకాయన సీటు పట్టుకున్నడు. అది తల వంచి ముంగటికి సూస్తున్నది. నేను ఎట్ల దిగిన్నో, తాడు కిందికెళ్ళి ఎట్ల దూరిన్నో తెల్వది. హ్యాండిల్ పట్టుకున్న. ఎవడో నా అంగి పట్టి గుంజుతున్నడు.

"తాతా, పక్కకు జరుగు. నా నంబర్ పిలిచిండ్రు."

"ఇరుసు మార్చలే బిడ్డా. రేకు పెట్టిన. నీకు అబద్ధం చెప్పిన. దిగు."

నా మొఖం సూశింది. వంగి పట్టీలు ఇప్పుకున్నది, దిగింది.

ట్రయల్స్ పెట్టినోళ్ళు కొంచెం సేపు ఆగుతమన్నరు. సారు బోల్టు ఇప్పి క్రాంకు గుంజిండు. రేకు రెండు పలకల మీద తెగింది. క్రాంకు బొక్క మూలలు అరిగిపోయినయి, ఇగ అది ఏ ఇరుసుకూ పనికిరాదు. పాత క్రాంకు ఇంట్లనే ఉండె, వేరేటోళ్ళ సైకిల్ అడిగినం, దాని ఎత్తుకు సరిపోయేది దొర్కలే. పేరు కొట్టేసిండ్రు.

అందరు పోయినంక నా పక్కన కూసున్నది. "సాంచకు పెట్టిన రేకు తెగితే ఏమైతుండె తాతా?" అన్నది.

"బట్ట ఖరాబైతుండె."

"నేనైతే?"

సైకిల్ నేనే నడిపిచ్చుకుంట టేషన్ దాక వచ్చిన. వాళ్ళమ్మ అడిగితే బండి ఖరాబైంది అన్నది, నా పేరు తియ్యలే. అదే నాకు ఎక్కువ కోసింది. నాలుగు తిట్టినా అయిపోతుండె. ఇప్పుడు చీరెల పనికి పోతున్నది, పొద్దుగాల మీకు సైకిల్ నేర్పుతున్నది. బాగనే ఉంది, ఏమో, బాగనే ఉంటదనుకుంటున్న.

గందుకే ఇను. ముందుగాల క్రాంకు చూసుకో, నీ కాలు పొడుగుకు, ట్రాక్ వంపుకు ఎంతుండాలెనో మీ మౌనికక్కను అడుగు. క్రాంకు తీసుకున్నంక దానికి ఏ మాపు ఇరుసు, ఎంత పొడుగు ఇరుసు అని దాని కంపెనీయోడు రాసిందే సూడు, అదే తే. ఇరుసు ఉన్నది కదా, క్రాంకును దానికి సర్దుదాం అనకు. పది దినాలు పడ్తదంటే పది దినాలు ఆగు. ట్రయల్ పోతే పోనియ్యి. ఇగ నా అసుంటి ముసలోడు సరిపోయింది పో అంటే, ఎదురుంగనే బోల్టు ఇప్పి సూడు. ఏమనుకుంటడో అని మొఖమాటపడకు.

దా, ఇట్ల వంగు, తల మీద చెయ్యి పెడ్త. పడకుండ ఉండు అని నేననను బిడ్డా. ఆ ట్రాక్ ఎక్కినంక పడ్తవు, లేస్తవు. మనోళ్ళు చేసిన తప్పుకు మాత్రం పడకు...