ఆ గూడు ఖాళీ కాదు

సభాధ్యక్షులు, కరెంటు సంస్థ అధికారి షివూటే గారికి, పాస్టరు గారికి, చర్చి పెద్దలకు, మా వీధి ఆడవాళ్ళందరికీ నమస్కారం. ఈ రోజు జూలై ఇరవై ఆరు, శుక్రవారం, మనకు నడి చలికాలం. పొద్దున్నే మేకలకు నీళ్ళు పెట్టాను, రొట్టెలు కాల్చాను, మా ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను, ఇప్పుడు ఆయన బదులు మాట్లాడుతున్నాను. కరెంటు స్తంభాలు ఎక్కినంత తేలిగ్గా డేవిడ్ కూపర్ వేదికలు ఎక్కలేడని మీకు తెలుసు. (నవ్వులు)

ఆయన పదవీ విరమణకు గోడగడియారం ఇచ్చారు, సంతోషం. కానీ మా వాకిలి ఎదుట పాత స్తంభాన్ని సోమవారం పీకేస్తామని, దాని మీది పిట్టల గూడు ఖాళీదేనని కూడా చెప్పారు.

షివూటే గారూ, మీది ఉత్తరాది, మాది ఈ ఎడారి దక్షిణం. మీ వైపు పసుపు గిజిగాళ్ళు వానలకు గూళ్ళు అల్లి, పిల్లలు ఎగిరిపోగానే వదిలేస్తాయి. అందుకే మీరు చలికాలం మిట్టమధ్యాహ్నం వచ్చి, చడీచప్పుడూ లేకపోయేసరికి ఖాళీ అనుకున్నారు. మావి వేరు. వీటి ఒంటిమీద పసుపు వెతకకండి. గోధుమ రంగు, గడ్డం కింద నల్లమచ్చ, వీపున పొలుసుల్లాంటి గీతలు. వీటి ఊరంతా ఒకే గడ్డికప్పు కింద కాపురం, ఎవరి గది వారిది. పగలు గింజలకూ పురుగులకూ పోయి, పొద్దువాలగానే వచ్చి, ఈ గడ్డకట్టే రాత్రుళ్ళు గదికి నాలుగైదు చొప్పున ఒదిగి పడుకుంటాయి. గుడ్లు లేకపోతే ఇల్లు కాకుండా పోతుందా? పిల్లలు పెద్దవాళ్ళయ్యారని మనం ఇంటికప్పు పీకేసుకుంటున్నామా?

"పాములొస్తాయి, రోసీనక్కా!" అంటున్నాడు వెనక నుంచి మా పక్కింటి యోసెఫ్. వస్తాయి తమ్ముడూ. మొన్న ఎండాకాలంలో వచ్చినదాన్ని కొట్టింది నేను, బల్లెక్కి కూర్చుంది నువ్వు. (నవ్వులు)

లైను కొత్త స్తంభాల మీదికి మారింది, పాతదానిలో కరెంటే లేదు. ఇన్నేళ్ళూ ఈయన తీగలకు తగిలే గడ్డి మాత్రం కత్తిరించి, గదుల జోలికి పోలేదు. ఈయన అటు దిగిపోగానే ఇటు అవి నేలపాలైతే నేను ఊరుకోను.

ఇదిగో మీ గడియారం. దీని బదులు ఆ స్తంభం ఇవ్వండి.

(షివూటే గారు: "సాయంత్రం ఒకసారి చూడనివ్వమ్మా.")

తప్పకుండా రండి. టార్చి మాత్రం కొట్టకండి. చూశాక కూడా పీకేస్తామంటే, సోమవారం మీ మనుషులకు కాఫీ ఇస్తాను, వేడి రొట్టె పెడతాను, నిచ్చెన మాత్రం వెయ్యనివ్వను. డేవిడ్, అలా చూడకు, ఇంటికెళ్ళాక తిట్టుకో.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సంస్థకు మా ఆయన చెయ్యాల్సిన పని చేసేశాడు, ఆ బాకీ చెల్లు. సెలవు.