కొండాపూర్‌లో మా మల్బరీ ఎందుకు కాయలేదంటే

అది కాదు వినయ్ నాయనా, నీళ్లు మంచివి కావంటివి, బియ్యం కడిగిన నీళ్లు మోసుకుపోయి పోస్తి. నీడ ఎక్కువంటివి, పక్కనుండే అశోక చెట్టు కొమ్మలు కొట్టిస్తి. ఎరువు లేదంటివి, పేడ కోసం ఈ కొండాపూరంతా తిరిగితి! ఈడ కార్లు దొరుకుతాయి గానీ పేడ దొరుకుతుందా?

ఇంత చేస్తే మన మల్బరీ ఒక్క కాయన్నా కాసిందా?

నవ్వుతావేమయ్యా? మన అపార్ట్‌మెంట్ సెక్రెటరీ ఉదయ్ భాస్కర్ ఏమన్నాడో మర్చిపోతివా? ఈ ఎండాకాలం కాయకుంటే చెట్టు కొట్టేసి, ఆడ కార్లకు కరెంటెక్కించే మిషన్ పెడతారంట! మడకశిరలో మల్బరీ తోట అమ్మేసి మన కొడుకు వినయ్ దగ్గరికి వచ్చేటప్పుడు నా చీరల పెట్టెలో పెట్టి తెచ్చిన పుల్ల అది. అదీ పోతే మన తోటలోది ఇంకేముంటుంది మనకు? తలుచుకుంటేనే ఏడుపొస్తాది నాకు.

అందుకే ఈపొద్దు పొద్దన్నే నీ ఎనకాలే వస్తి. అవునయ్యా, నేనే! స్తంభం చాటున నిలబడి చూస్తి.

వాకింగని పోయినోడివి చెట్టు కాడ ఆగితివి. ఊర్లో మీ తమ్ముడు నారాయణప్పతో ఫోన్లో మాట్లాడతానే ఉండావు, చెయ్యి దాని పాటికది పైకి పోయె. ఒక చిగురు తుంచితివి. ఇంకోటి. మళ్లీ ఇంకోటి! చిగురుతోనే కదయ్యా కాయ పుట్టేది? తుంచినదంతా పంచె మడతలో వేసుకుంటివి. ఎవరికబ్బా? పట్టుపురుగులు ఈడ యాడుండాయి? లిఫ్టులో మేపుతాండావా?

అయ్యో, మొగం అట్ల పెట్టొద్దు. నేనేమీ కోప్పడలేదు. పుట్టినప్పట్నుంచి పురుగులకు ఆకు కోసిన చెయ్యి అది. మన తోటలో ఎప్పుడన్నా కాయను కాయనిచ్చినామా?

రేపట్నుంచి నీ వాకింగు గేటు బయటే. ఆ పక్కకు వస్తే ఊరుకోను. సరేనా?

ఇంకో మాట. నవ్వితే చూడు మరి!

నువ్వు లిఫ్టెక్కినాక, ఒక్క చిగురన్నా మిగిలిందా అని నేనూ చెట్టు కాడికి పోతి. మిగిలిందయ్యా, అవతలి పక్క కొమ్మంతా! ఎంత లేతగా ఉండాదనుకున్నావు! కడుపు నిండిపోయె నాకు. ఉదయ్ భాస్కర్‌ను పిలిచి చూపించాలనుకుంటానే ఇంటికొచ్చి, నడుముకు దోపిన కొంగు విప్పితే...

ఇదో, చూడు. కొంగు నిండా ఆకే.

ఎప్పుడు కోసుకుంటినో నాకే తెలీలేదయ్యా.