మావయ్యగారి నింపాది

ఆపరేషన్ గదిలో బల్లమీద మావయ్యగారు. మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. తల దగ్గర నిలబడ్డ కోడలికి ఆ పని నేర్పింది ఆయనే. ఇవాళ హెర్నియా ఆపరేషన్ ఆయనకి, మత్తిచ్చేది ఆమె.

"బల్లెక్కి పడుకుని కూడా నాకే పరీక్ష పెడతారేంటి మావయ్యగారూ?"

"పడుకుంటే మేష్టరు మేష్టరు కాకుండా పోతాడా? చెప్పమ్మాయ్. ఈ థయోపెంటోన్ మత్తుమందు నరంలోకి ఎక్కిస్తావు. ఏమవుతుంది?"

"మీ నోరు మూతపడుతుంది. కాసేపు అందరం సుఖపడతాం."

"అది సరే. రక్తం సంగతి?"

"రక్తనాళాలు వదులవుతాయి. రక్తం ఎక్కడికక్కడ నిలిచిపోయి గుండెకి తిరిగొచ్చేది తగ్గుతుంది. గుండె పిండే బలమూ తగ్గుతుంది. బీపీ పడిపోతుంది."

"మరి మనిషి పోడేం?"

"గుండె కంగారుపడి వేగం పెంచుకుంటుంది కాబట్టి. చాలా, ఇంకా ఉందా?"

"చాలు, పాసయ్యావు."

"ఇప్పుడెవరూ వాడట్లేదండీ ఈ పాత మందు. మీ పోరు పడలేక వెతికించి తెప్పించాను."

"ఎక్కేటప్పుడు నోట్లో వెల్లుల్లి రుచి తెలుస్తుందట. ఇన్నేళ్ళూ రోగులు చెబితే వినడమే. ఇవాళ నేనే చూస్తా."

"చూద్దురుగాని. అయినా ఇంత నింపాది ఎక్కడిదండీ మీకు? పల్స్ యాభై రెండు. యోగి అయిపోయారా?"

"అయిపోయా. కానివ్వు."

"మొన్న పన్ను పీకించుకోడానికి వెళ్తే నూట ఇరవై కొట్టింది. కుర్చీ చేతులు వదలమంటే వదల్లేదు మీరు."

"ఆ పళ్ళ డాక్టరు మొహం అలాంటిది. నువ్వు నా కోడలివి. కానివ్వమ్మా."

"ఒక్క నిమిషం."

"సర్జన్‌గారు చేతులు కడుక్కుని నిలబడ్డారు పాపం."

"నిలబడనీండి. పొద్దున్న ఏం మింగారు?"

"నీళ్ళు. రెండు గుక్కలు."

"నీళ్ళతో?"

"నీళ్ళతో నీళ్ళే."

"మావయ్యగారూ."

"అలా చూడకు."

"అత్తయ్యగారి మందుల డబ్బా తీశారా?"

"ఒక్కటంటే ఒక్కటి. ఆవిడ గుండెదడకి వేసుకునేది. ఇంతే ఉంటుంది."

"గుండెని వేగం పెంచుకోనివ్వని బిళ్ళ. ఇందాక నన్నడిగారే, మనిషి పోడేం అని..."

"అడిగాను."

"ఇంకే రోగైనా ఇది మింగి, చెప్పకుండా వచ్చి పడుకుంటే మీరేం చేసేవారు?"

"తిట్టి ఇంటికి పంపేవాణ్ణి."

"తిట్లు ఇంటికెళ్ళాక. లేవండి. ఆ బిళ్ళ ప్రభావం పూర్తిగా దిగాక చూద్దాం."

"అందరూ నవ్వుతారమ్మా."

"నవ్వనీండి. బతికుంటే మీరూ నవ్వొచ్చు. అసలెందుకు వేసుకున్నారు?"

"ఏదో..."

"ఏదో అంటే?"

"భయమేసింది. చాలా భయమేసింది. గుండె గబగబా కొట్టుకోవడం నువ్వు ఆ తెరమీద చూస్తే నీ చెయ్యి వణుకుతుందేమోననిపించింది. నింపాదిగా కనపడితే నీకు ధైర్యంగా ఉంటుందని..."

"ఉంది మావయ్యగారూ. పొద్దున్నుంచీ వణుకుతున్న చెయ్యి ఆ యాభై రెండు చూశాకే ఆగింది. ఆ ధైర్యంతోనే మందు ఎక్కించబోయాను."