మెటాడోర్ బ్రేకులు ఇప్పిన శుక్రవారం

మెటాడోరా? దాని ముచ్చట నీకెవలు చెప్పిండ్రే శారోనూ? మీ నాయినా? బెంజమిన్‌కు ఏం తెల్సు, గప్పుడు వాడు పూనాల హాస్టల్ల ఉండె. నేను నా కండ్లతోని చూసిన. ఇట్ల ఫ్యాను కిందికి జరిగి కూసో, చెప్త. మీ తాత దేవానందం ఉన్నడు సూడు, కల్యాణ్ దగ్గరి మా శాంతి నగర్ల గాయనంత మొండోడు ఇంకోడు లేకుండె. మంచోడే, కాదంటలేను. కార్ఖానల జాబర్ పని చేస్తుండె, మగ్గం ఖరాబైతే బాగు చేసేది గాయనే. మగ్గం పక్కపొంటి నిలవడి చప్పుడు ఇని, గిదే ఇరిగింది అని చెప్తుండె. ఇంట్ల పెండ్లాం చెప్పేది మాత్రం ఇనకపోతుండె. యాడికెల్లి తెచ్చిండో, ఓ దినం పాత మెటాడోర్ వ్యాను తెచ్చి వాడల నిలవెట్టిండు. నీలం రంగు అంటుండె గాయన. మాకైతే తుప్పు రంగే కనవడుతుండె. వారమంత బట్ట తాన్లు మోసుడు, ఆదివారం వెనక బల్లలేసి చర్చికి మందిని తోలుకపోవుడు. నన్ను గూడ ఓసారి ఎక్కించుకున్నడు, నేను చర్చికి పోయేదాన్ని గాదు, మార్కెట్ల దింపుమన్న. దిగినంక మోకాళ్ళు రెండు దినాలు గుంజినయ్. ఇప్పటి నొప్పి వేరే, ఇది వయసుది.

మీ నాయినమ్మ లీదియక్క పిర్రుల మీద, అంటే మగ్గం నాడెల పెట్టే కండెల మీద, నూలు చుట్టే పని చేస్తుండె. గామె ముందు సీట్ల కూసుంటది గదా, అన్నీ చూస్తది. "ఏమయ్య, నువ్వు మూడుసార్లు తొక్కితే గని బండి ఆగుతలేదు, బ్రేకు చూపియ్యి" అని ఎన్నిసార్లు అన్నదో. గాయన, "నువ్వు నూలు చుట్టుకో, బ్రేకు సంగతి నేను చూసుకుంట" అంటుండె. ఓ ఆదివారం ఏమైందంటే, బర్ల తబేలా కాడ ఉతారు, దిగుడు తోవ ఉంటుండె, గిప్పుడు అక్కడ బిల్డింగులు లేచినయ్‌లే. గా ఉతారుల తొక్కిండు, ఆగలే. మళ్ళ తొక్కిండు, ఆగలే. మూడోసారి తొక్కేటాలకు బండి పోయి పేడ కుప్పల దిగవడ్డది. మెత్తగ, పరుపుల ఒరిగినట్టు. ఎవలికీ ఏం కాలే. గని పాస్టరయ్య తెల్లగ ఇస్తిరీ బట్టలేసుకొని తలుపు దిక్కు కూసున్నడు పాపం, తలుపు తెరుసుకొని నేరుగ కుప్పల దిగిండు. బర్లు గూడ మెడలెత్తి చూసినయంట. అందరు లోపల స్తోత్రం స్తోత్రం అంటున్నరు. మీ నాయినమ్మ మెల్లగ దిగి, చీర సదురుకొని, ఏమన్నదో ఎరుకనా? "నేను చెప్తే ఇనలే. పేడ చెప్తే ఇన్నడు."

ఇగ నవ్వుడే నవ్వుడు. పాస్టరయ్య గూడ నవ్విండంట, పేడ తుడుసుకుంట. మీ తాత మొఖం నల్లగయ్యింది. అందరి ముంగట, "ఇగ నీతోని మాట్లాడితే నేను దేవానందమే గాదు" అన్నడు. గామె తక్కువదా? "సరే, పేరు మార్చుకున్నంక కబురు చెయ్యి" అన్నది.

గంతే. గా దినం బందయిన మాటలు నెలల తరబడి మళ్ళ రాలే. అన్నం పెట్టేది పెడుతది, తినేది తింటడు. మాట లేదు. మా ఖోలీకి, వాళ్ళ ఖోలీకి నడుమ ఒక్క రేకు గోడ, నాకు అన్నీ ఇనవడుతయ్. అన్నం ముంగట ప్రార్థన చేస్తరు గదా మీరు, ఆ ప్రార్థనలనే పంచాయితీ నడుస్తుండె. గాయన కండ్లు మూసుకొని, "ప్రభువా, ఈ పప్పుల ఉప్పు లేకున్న ఆకలి ఇచ్చినవు, నీకు స్తోత్రం" అంటడు. గామె గూడ చేతులు జోడించి, "ప్రభువా, ఉప్పు డబ్బ ఎదురుంగనే ఉంది, కొందరికి కండ్లు తెరువు" అంటది. ఇద్దరు కలిసి ఆమెన్. నేను ఇవుతల కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతుంటి. మా ఆయన అంటుండె, "ఏమే, వాళ్ళు దేవునితోని మాట్లాడుకుంటుంటే నీకేం నవ్వే" అని. గాయనకు గూడ చెవులు బాగ పనిచేస్తుండె, పైకి పేపర్ చదివినట్టు చేస్తుండె.

అయితే ఓ దినం లీదియక్క గోడ దిక్కు మొఖం పెట్టి గట్టిగ, నాకు చెప్పినట్టు, "దుర్గవ్వా, శుక్రవారం పొద్దుమీకి రైలుబండికి నిజామాబాద్ పోతున్న. మా అక్క కాడ ఉంట. మళ్ళ ఎప్పుడొస్తనో తెల్వది" అన్నది. గోడకు అవుతల మీ తాత దగ్గిండు. మళ్ళోసారి దగ్గిండు. నాకు గప్పుడు నవ్వు రాలే బిడ్డ. గా మనిషి పోతే మళ్ళ వచ్చే రకం గాదు.

శుక్రవారం మగ్గాలకు సుట్టి గదా, వాడంత ఇంటి పట్టునే ఉన్నరు. పొద్దుగాల లేసి చూస్తే ఏముంది, మీ తాత మెటాడోర్ వెనక చక్రాలు ఇప్పి, కింద ఇటుకలు పేర్చి, జాకీ పెట్టి కూసున్నడు. గ్యారేజికి ఎందుకు పోలేదంటే, గక్కడ ముఖేష్ అని పోరడు గాయన్ను చూస్తే సాలు, "ఆవో గోబర్ అంకల్" అంటుండె, రా పేడ మామా అని. గందుకని ఇంటి కాడనే మొదలుపెట్టిండు. చక్రం లోపట బ్రేకును కప్పే డ్రమ్ము ఎంత గుంజినా ఊడుతలేదు. ఇగ చూడు, సలహాలు చెప్పేటోళ్ళు జమైండ్రు. కింది ఖోలీ హనుమాండ్లు లుంగి ఎగ్గట్టుకొని వచ్చిండు, గాయనకు ఏ ముచ్చటైన సిరిసిల్లల మొదలుకావాలె. "మా సిరిసిల్లల అయితే డ్రమ్ము రాకపోతే గాసునూనె పోస్తరు." పోసిండ్రు. రాలే. పక్క గల్లీ దత్తాత్రి, "ఉడుకు నీళ్ళు పోయ్" అన్నడు. పోసిండ్రు, హనుమాండ్లు కాలు మీద వడ్డయ్. డ్రమ్ము మాత్రం రాలే. ఇగ మీ తాత సుత్తె తీసుకొని ధన్ ధన్ కొడుతున్నడు, వాడంత దద్దరిల్లుతాంది, కుక్కలు గల్లీ ఇడిసి పోయినయ్.

లీదియక్క పైన గ్యాలరీల బట్టలు ఆరేస్తాంది. కిందికి చూడకుంట, నాకు చెప్పింది, "దుర్గవ్వా, చేతిబ్రేకు గుంజిపెట్టి డ్రమ్ము ఊడవీకుతరా ఎవలన్న?" మీ తాత ఇననట్టే ఉన్నడు. జెరసేపు చెమట తుడుసుకున్నడు. పానా కడిగిండు, కడిగిన పానా మళ్ళ కడిగిండు. అటెన్క స్టీరింగ్ మీద దుమ్ము తుడిచెతందుకు పోయినట్టు మెల్లగ ముంగటికి పోయి చేతిబ్రేకు దింపి వచ్చిండు. వచ్చి డ్రమ్మును ఇట్ల ముట్టుకున్నడో లేదో, ఊడి చేతులకొచ్చింది. డ్రమ్ము పట్టుకొని ఎల్లకిలవడ్డడు. "చూసిండ్రా, దెబ్బలకు లూజైంది" అన్నడు లేసి. అందరు అవునవును అన్నరు, పైకి ఎవలు చూడలే.

లోపల బ్రేక్ షూలు అరిగి రేకులైనయ్, సిలిండర్ల రబ్బర్లు పోయి ఆయిల్ కారుతాంది. గా షూలను పట్టుకునే స్ప్రింగు ఉంటది సూడు, దాన్ని ప్లయర్‌తోని గుంజుతుంటే సప్పున ఎగిరింది. నేను కింద మెట్ల కాడ బియ్యం చెరుగుతున్న, వచ్చి నా చాటల వడ్డది. బియ్యమంత వాకిట్ల. నేను తిడుతనే స్ప్రింగు ఏరి ఇచ్చిన, గాయన తిట్లు తింటనే తీసుకున్నడు. పని అయితే చేసిండు బిడ్డ, అబద్ధం ఎందుకు. రబ్బర్లు మార్చిండు, కొత్త షూలు ఎక్కించిండు, డ్రమ్ములు మూసిండు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఇగ బ్రేకు పైపులకెల్లి గాలి తీసుడు ఒక్కటే మిగిలింది.

గది ఒక్కనితోని అయ్యే పని గాదట. ఒకలు సీట్ల కూసొని పెడల్ తొక్కి పట్టాలె, ఇంకొకలు చక్రం కాడ చిన్న నిప్పల్ ఇప్పితే గాలి, ఆయిల్ బయటికొస్తది. నిప్పల్ మూసేదాక పెడల్ ఇడువొద్దు. ఇడిస్తే మళ్ళ గాలి లోపటికి గుంజుకుంటది, చేసిన పని గంగల కలుస్తది. హనుమాండ్లు కూసున్నడు సీట్ల. మీ తాత బండి కిందికెల్లి "తొక్కు" అంటే గాయన సిరిసిల్ల ముచ్చట చెప్తడు, "ఆగు" అంటే తొక్కుతడు. ఆయిలంత మీ తాత మొఖం మీద. ఎన్నిసార్లైందో, పొద్దు గూడ వాలింది. ఆఖరికి హనుమాండ్లు పెండ్లాం అన్నానికి పిలిస్తే, చెప్పకుంట దిగి పోయిండు. కిందున్నోనికి గది ఎట్ల తెలుస్తది? "హనుమాండ్లూ, తొక్కు. ఓ హనుమాండ్లూ!" అని కూతలు పెడుతున్నడు.

గప్పుడే మీ నాయినమ్మ సంచి పట్టుకొని మెట్లు దిగింది. ఆటోకు చెప్పి పెట్టింది కల్యాణ్ స్టేషన్‌కు, ఇంక రాలే. నిలవడి చూసింది. బండి కిందికెల్లి రెండు కాళ్ళు, ఒక చెప్పు. "హనుమాండ్లూ, తొక్కుర బాబూ." గామె నా దిక్కు చూసి, మూతి మీద ఏలు పెట్టింది. సంచి నా చేతుల పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తి చెక్కుకొని, సీట్ల ఎక్కి తొక్కింది.

"హా! గట్ల! పట్టు... పట్టు... ఇడువు. శాబాష్ హనుమాండ్లూ, ఇందాకటికెల్లి గిట్ల తొక్కితే ఏం వోయింది నీది?" మళ్ళ తొక్కుమన్నడు, తొక్కింది. నాకు నవ్వొస్తాంది, సంచిని నోటికి అడ్డం పెట్టుకున్న. ఓ చక్రం అయింది. ఇంకో చక్రం కిందికి జరిగిండు. అటెన్క మెల్లగ అన్నడు, "హనుమాండ్లూ, నీకేంది, నీ పెండ్లాం అన్నానికి పిలుస్తది. నాది పొద్దుమీకి బండికి పోతాంది. పోవద్దని ఎట్ల చెప్పాలెరా? నోరు తెరుస్తే దగ్గే వస్తాంది. పొద్దుగూకేలోపు బ్రేకు బాగైతే స్టేషన్ దాక నేనే తోలుకపోదామనుకున్న. తోవల ఏదన్న మాట ఎళ్తదేమోనని. గామె చెప్పింది నిజమేరా. మొదటి దినమే నిజం. ఆ... తొక్కు."

లీదియక్క తొక్కింది. నేను గామె మొఖమే చూస్తున్న. కండ్లు తుడుసుకుందామని చెయ్యెత్తింది, చెయ్యితోని కాలు గూడ లేసింది. కింద నిప్పల్ ఇప్పే ఉంది. "ఏయ్! ఇడువకు! ఇడువకుర హనుమాండ్లూ!"

"ఇడుస్తలేను."

ఠంగుమని సప్పుడైంది బండి కింద, తలకాయ రాడ్డుకు తాకింది. నేనైతే సచ్చిండా ఏందని ఒంగి చూసిన. ఆయిల్ మొఖంతోని ఎల్లకిల పండుకొని, కండ్లు తెరిచి బండి అడుగు దిక్కు చూస్తున్నడు. మళ్ళ నిప్పల్ బిగించి అన్నడు, "తొక్కు."

"తొక్కిన."

"పట్టు."

"పట్టిన."

"ఇగ ఇడువు."

"ఇడిసిన."

నెలల తరువాత ఇద్దరు మొగుడు పెండ్లాలు మాట్లాడుకున్న మాటలు గివ్వే బిడ్డ. గవ్వే మాటలు తిప్పి తిప్పి, చక్రం అయిపోయినంక గూడ మాట్లాడుకున్నరు. గాలి ఎప్పుడో పోయింది, నాకు గూడ తెలుస్తనే ఉంది, ఉత్త ఆయిలే వస్తాంది. గీ నడుమల ఆటో వచ్చింది. పాం పాం కొడుతున్నడు, రైలు తప్పుతదని. "మౌసీ, చల్నా హై కి నహీ? గాడీ ఛూట్ జాయేగీ!" మీ నాయినమ్మ సీట్ల కెల్లి తల బయటికి పెట్టి అన్నది, "తుమ్ జావో భయ్యా. మేరా పాంవ్ బ్రేక్ పే హై." నువ్వు పో, నా కాలు బ్రేకు మీదుంది అని.

చక్రాలు బిగించినంక, బ్రేకు చూసొస్తమని ఇద్దరు పూర్ణ రోడ్డు దిక్కు పోయిండ్రు. గిట్ల పోయి గట్ల వస్తమన్నోళ్ళు దీపాలు పెట్టినంక వచ్చిండ్రు. ఏం మాట్లాడుకున్నరక్కా అని అడిగితే, "ఏం మాట్లాడుడు, బ్రేకు బాగుంది" అన్నది. తెల్లారి పొద్దుగాల నేను పండుకొనే ఉన్న, గోడకు అవుతల ఒక్కటే లొల్లి. చాయ్‌ల చక్కెర ఎక్కువైందని గాయన, నాలుక మొద్దువారిందని గామె. ప్రార్థన లేదు, దేవుడు లేడు, నేరుగ మొఖాల మీదనే. నా పానం నిమ్మలమైంది. మళ్ళ దుప్పటి కప్పుకొని పండుకున్న.

అటెన్క మస్తు ఏండ్లు కొట్లాడుకున్నరులే. గాయన పోయిండు, గామె పోయింది. ఇప్పుడు గా ఖోలీల ఎవలో కిరాయికి ఉన్నరు, కొత్త జంట, మంచోళ్ళే. పొద్దుందాక ఎవల ఫోను వాళ్ళది. ఎప్పుడన్న పొద్దుగాల మెలకువ అయితే గోడకు చెవు పెడుత, ఏమన్న ఇనవడుతదా అని...

చప్పుడే ఉండది.

నువ్వు చేపలు తింటవానే, మానేసినవా?