సోఫియాకి నలభై బళ్ళు

స్టమాతిస్ కథ మొదలుపెట్టే ముందు కుర్చీని గోడకి కాస్త దూరంగా జరుపుకుంటాడు. కథ పెరిగేకొద్దీ చేతులు తిప్పడానికి చోటు కావాలి మరి. ఆ శుక్రవారం మధ్యాహ్నం మారిగో కాఫీ కొట్టులో అతను కుర్చీ జరపడం చూసి, మినాస్ తన పెట్టెని కాళ్ళ మధ్యకి లాక్కుని కూర్చున్నాడు. ఇక తప్పదని అర్థమైంది.

మినాస్ అప్పుడే విమానాశ్రయం నుంచి వచ్చాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు. ముందురోజు సాయంత్రం థెస్సలోనికీ మీదా, దాని పక్కనున్న ఈ ఊరి మీదా నిమ్మకాయలంత వడగళ్ళు పడ్డాయి. నేలమీదున్న విమానాలన్నిటికీ సొట్టలు పడ్డాయి, దిగవలసినవి గాల్లోంచే వెనక్కి తిరిగాయి. పొద్దున్న మినాస్ వెళ్ళేసరికి బోర్డు మీద ఆలస్యం అని ఉంది. కాసేపటికి, మళ్ళీ సమాచారం కోసం వేచి ఉండండి అని మారింది. అందరూ వేచి ఉన్నాక రద్దు అన్నారు. కౌంటర్ దగ్గర వరస విమానాశ్రయం దాటి బయట టాక్సీలు ఆగేచోటు దాకా పోయింది. చివరికి అతని చేతిలో ఒక నీళ్ళ సీసా, ఒక చీజు రొట్టె, వచ్చే బుధవారానికి ఒక సీటు పెట్టి పంపించారు.

బుధవారం సీటు అతనికెందుకు? బాప్తిస్మం ఆదివారం, స్టుట్‌గార్ట్‌లో. చిన్ననాటి స్నేహితుడు అర్గిరిస్‌కి పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి, ఆశ వదిలేసుకున్నాక పుట్టిన కూతురు. జ్ఞానతండ్రి మినాస్. పాదిరీ అడిగినప్పుడు బిడ్డ పేరు పైకి చెప్పవలసింది అతనే. అర్గిరిస్ తల్లి పేరే పెడుతున్నారు, ఎవ్దోకియా అని. మినాస్ చిన్నప్పుడు ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో అతనికి అన్నం పెట్టిన చెయ్యి ఆ ఎవ్దోకియాది. ఆ పేరు తన నోటితో చెప్పాలని అతను ఎంత ఆశపడ్డాడో ఎవరికీ చెప్పలేదు. పెట్టెలో జ్ఞానతండ్రి తేవలసిన నూనె సీసా, తెల్లబట్టలు, శిలువ గొలుసు, పెద్ద కొవ్వొత్తి ఉన్నాయి.

బస్సులో తిరిగొస్తుంటే ఫోన్‌కి విమానాల వాళ్ళ సందేశం వచ్చింది. రేపు మధ్యాహ్నానికి మీ అంతట మీరు సరిహద్దు అవతలున్న సోఫియా చేరుకోగలిగితే అక్కడినుంచి స్టుట్‌గార్ట్‌కి సీటుంది, ఈ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పండి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం అని. సోఫియా వెళ్ళే బస్సులన్నీ నిండిపోయాయి. టాక్సీలు ఫోనెత్తడం లేదు. మినాస్ కారుతో సహా ఊళ్ళో కార్లన్నిటికీ ముందద్దాలు పగిలాయి. స్టమాతిస్ రొట్టెలు వేసే వ్యాను ఒక్కటే బతికింది. వడగళ్ళ వేళకి అది మెకానిక్ షెడ్డులో బ్రేకులు మార్పించుకుంటోంది కనక. తన మోకాలు ముందే హెచ్చరించిందనీ, అందుకే దాచాననీ స్టమాతిస్ పొద్దుట్నుంచీ అందరికీ చెబుతున్నాడు.

ఆ వ్యాను అడగడానికే మినాస్ వచ్చాడు. కానీ స్టమాతిస్‌ని ఏదైనా అడగాలంటే ముందు ఒక కథ వినాలి. ఆ ఊళ్ళో అదొక పన్ను.

“ఇవీ ఒక వడగళ్ళేనా,” అన్నాడు స్టమాతిస్. “మీరు ఓ ఏడాది పడ్డవి చూడాల్సింది. ఆ పొద్దున నేను మామూలుగానే నువ్వుల చుట్టురొట్టెలు వేసుకుని విమానాశ్రయం వంటింటికి పోయాను. లోపల చూద్దును కదా, జనం. నేలమీద జనం, మెట్లమీద జనం, సామాన్లు తిరిగే బెల్టు మీద పసిపిల్లల్ని పడుకోబెట్టారు. కౌంటర్లో ఒక్కతే అమ్మాయి, ఇప్పుడో ఇంకాసేపటికో ఏడ్చేలా ఉంది. నేనేం చేశాను? రొట్టెలు పంచాను. అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు.”

ఇంతవరకూ నిజమే కావచ్చనుకున్నాడు మినాస్. పక్క బల్ల దగ్గర వల కుట్టుకుంటున్న ముసలి లాస్కరిస్ తలెత్తకుండానే, ఇక్కడాపితే బావుణ్ణు అన్నాడు.

“స్టమాతీ, నీ బండి...” అని మొదలుపెట్టాడు మినాస్.

“బండి దగ్గరికే వస్తున్నా, ఉండవయ్యా. రొట్టెలు పంచానా, పంచాక చూస్తే వరస చెదిరిపోయింది. ముందొచ్చినవాడెవడో, దూరినవాడెవడో తెలీట్లేదు. అప్పుడు నాకో ఆలోచన తట్టింది. రొట్టె ఇంకా కొరక్కుండా పట్టుకున్నవాళ్ళు ముందుకి రండి అన్నాను. సగం తిన్నవాళ్ళు మధ్యలోకి. మొత్తం మింగేసినవాళ్ళు వెనక్కి. ఓపికున్నవాడికి ముందు సీటు. ఇదీ న్యాయం. ఒక్కడు నోరెత్తితే ఒట్టు. ఆ కౌంటర్ పిల్ల లేచి నా చెయ్యి పట్టుకుని, అయ్యా మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

తెలియదని ఎవరూ అనలేదు. అనకపోయినా అతనికి పట్టింపు లేదు. మైకులో చెప్పే ఆవిడ గొంతు పోయిందట. మైకు ఇతని చేతికొచ్చిందట. గ్రీకులో చెప్పాడు, జర్మన్‌లో చెప్పాడు, స్వీడన్ వాళ్ళు దిక్కులు చూస్తుంటే ఆ భాష దానంతటదే నోట్లోంచి వచ్చేసిందట. ఇప్పుడు ఒక ముక్క చెప్పమంది మారిగో, కాఫీ గిన్నె కడుగుతూ. అది అవసరానికి వచ్చే భాష, ఊరికే రాదన్నాడు స్టమాతిస్.

మినాస్ కిటికీలోంచి వ్యాను వైపు చూశాడు. ఎండ దాని చక్రాల మీదికి వాలింది. సాయంత్రం అంటే వాళ్ళ లెక్కలో ఎన్నింటికో సందేశంలో రాయలేదు, అదే అతన్ని కూర్చోనివ్వడం లేదు.

“జనం సరే, విమానాల సంగతో? అదీ మనమే చూసుకోవాల్సొచ్చింది. ఇంజనీర్లు రెక్కలెక్కి ఒక్కో సొట్ట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, కొలిచి, ఫోటో తీసి, ఆ ఫోటో ఎవరికో పంపించి, వాళ్ళు ఊ అనేదాకా కూర్చుంటున్నారు. ఒక్క విమానం మీదే అమ్మవారు పోసినట్టు ఎన్ని సున్నాలో. ఇలాగైతే క్రిస్మస్ ఇక్కడే చేసుకోవాలన్నాను. వంటింట్లో తూము మూసుకుపోతే కొడతాం చూడు, కర్రకి రబ్బరు గిన్నె, అది తెప్పించాను. సొట్ట మీద పెట్టి ఒక్క లాగు. టప్. ఇంకొకటి. టప్. మధ్యాహ్నానికి విమానాలన్నీ అద్దాల్లా అయిపోయాయి. ఒక్క సొట్ట మాత్రం ఉంచెయ్యండి, మీ గుర్తుగా ఉంటుంది అని కెప్టెన్ బతిమాలాడు.”

“ఆ కెప్టెన్ ఏ దేశం వాడు?” అని అడిగాడు లాస్కరిస్.

“ఏ దేశమైతేనేం, ఏడ్చాడు పాపం.”

స్టమాతిస్ కుర్చీ గోడకి ఇంకో జానెడు దూరం జరిగింది. విమానాలు బాగయ్యాయి, పైలట్లు లేరట. వాళ్ళ డ్యూటీ గంటలు అయిపోయాయి, చట్టం ప్రకారం నిద్రపోవాల్సిందే. లిస్బన్‌లో పైలట్లున్నారు, విమానం లేదు. రీగాలో విమానముంది, పైలట్లు లేరు. కంపెనీ పెద్దాయన ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫోన్ చేసి, మా కంప్యూటర్లు చేతులెత్తేశాయి స్టమాతిస్ గారూ అన్నాడట. అప్పుడు ఇతను వంటింట్లో కుర్రాళ్ళు పాచికలతో ఆడే తావ్లీ బల్ల తెప్పించాడు. తెల్లబిళ్ళలు పైలట్లున్న విమానాలు, నల్లబిళ్ళలు లేనివి. పాచికలు వేస్తే ఆరూ ఆరూ. మళ్ళీ వేస్తే ఆరూ ఆరూ. కాఫీ చల్లారేలోగా యూరప్ మొత్తం ఎక్కడి విమానం అక్కడికి సర్దేశాడట.

ఇదే తావ్లీలో స్టమాతిస్ నిన్న తనతో వరసగా మూడాటలు ఓడిపోయాడని లాస్కరిస్ మారిగోకి గుర్తుచేశాడు. ఆటకి ఆడ్డం వేరు, బాధ్యతగా ఆడ్డం వేరు అన్నాడు స్టమాతిస్, ఏమాత్రం తొణక్కుండా.

మినాస్‌కి నవ్వు రాలేదు. మామూలు రోజైతే అందరికంటే ముందు తనే నవ్వేవాడు. మధ్యలో రెండుసార్లు అడగబోయాడు, రెండుసార్లూ స్టమాతిస్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మూడోసారి నోరు తెరిచి, తెరిచిన నోరు అలాగే ఉంచేశాడు. ఎందుకంటే అప్పుడే కథ సోఫియా వైపు మళ్ళింది.

“అన్నీ సర్దినా ఇంకా జనం మిగిలిపోయారు. ఏం చెయ్యాలి? సోఫియాలో ఆకాశం శుభ్రంగా ఉందన్నారు. అక్కడ విమానాలున్నాయి, సీట్లున్నాయి, కానీ తీసుకెళ్ళే నాథుడేడీ? బస్సుల్లేవు. నేను రొట్టెల వ్యాన్లన్నిటినీ పిలిపించాను. పన్నెండు బళ్ళు. లోపల పిండి దులిపి, ముసలాళ్ళని ముందు ఎక్కించి, రండర్రా నా వెనకాల అన్నాను. సోఫియాకి మామూలుగా నాలుగ్గంటలు. నేను రెండుగంటల్లో పెట్టాను. ఎందుకంటావా, నాకు ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. సరిహద్దులో పోలీసులు వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు, నలభై బళ్ళకీ నలభై సెల్యూట్లు.”

“ఇందాక పన్నెండన్నావు,” అంది మారిగో.

“దార్లో సెర్రెస్ ఊరి దగ్గర ఇంకొన్ని కలిశాయి. మధ్యలో మాటలాపకండమ్మా. సోఫియా ఇంకో మలుపులో ఉందనగా వెనక్కి చూస్తే ఏముంది, అదే మబ్బు. థెస్సలోనికీ నుంచి మా వెంటే వచ్చింది. నల్లగా, కడుపు నిండా వడగళ్ళతో. నేను బండి ఆపాను. దిగాను. నలభై బళ్ళూ ఒక్కసారి హారన్లు కొట్టండి అన్నాను. కొట్టారు. మబ్బు ఆగింది. నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తెలుసు,” అన్నాడు మినాస్.

స్టమాతిస్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ ప్రశ్నకి ఇన్నేళ్ళలో ఎవరూ తెలుసనలేదు.

“మబ్బు సముద్రంలోకి పోయింది,” అన్నాడు మినాస్. “నువ్వు సోఫియా వెళ్ళావు. అందర్నీ విమానం ఎక్కించావు. నాకు అదే కావాలి స్టమాతీ. నలభై బళ్ళక్కర్లేదు. ఒక్క బండి, ఒక్క మనిషి. రెండుగంటలూ అక్కర్లేదు, రాత్రంతా పట్టినా ఫరవాలేదు, రేపు మధ్యాహ్నానికి చేర్చు చాలు. ఆదివారం నేను లేకపోతే ఆ పిల్లకి పేరు చెప్పేవాడు లేడు.”

లాస్కరిస్ వల ఒళ్ళోంచి దించాడు.

స్టమాతిస్ ముందు మోకాలు తడుముకున్నాడు. మోకాలు మళ్ళీ ఏదో చెబుతోందన్నాడు. తర్వాత కొత్త బ్రేకుల గురించి ఎత్తాడు, అవి ఇంకా అలవాటు పడాలిట. సరిహద్దులో కాగితాలడుగుతారేమో అన్నాడు. ఇప్పుడక్కడ ఆపి అడిగేవాళ్ళే లేరని మారిగో చెప్పింది. రేపటి రొట్టెలో మరి, అన్నాడు. రేపు విమానాల్లేవు, విమానాశ్రయం వంటింటికి రొట్టెలెవరిక్కావాలి అని లాస్కరిస్ అడిగాడు. ఆ వ్యాను బేకరీ నుంచి విమానాశ్రయానికీ, విమానాశ్రయం నుంచి బేకరీకీ తప్ప ఇంకెక్కడికీ పోయి ఎరగదని ఊరందరికీ తెలుసు. ఇవాళ్టి దాకా ఆ మాట పైకి అనవలసిన పని ఎవరికీ పడలేదు.

మినాస్ ఫోన్ బయటికి తీశాడు. బటన్ నొక్కి, ఫోన్ బల్లమీద అందరికీ కనపడేలా పెట్టాడు.

“అవునని చెప్పేశాను,” అన్నాడు. “ఇప్పుడు నేను వెళ్ళకపోతే బుధవారం సీటు కూడా పోతుంది.”

స్టమాతిస్ ఆ ఫోన్ వంక చూశాడు. అతని మొహంలో రంగు మారింది. మినాస్‌కి అతన్ని చూస్తే మొదటిసారి జాలేసింది, కానీ జాలిపడే తీరిక లేదు. స్టమాతిస్ లేచి, గోడకి తగిలించిన కోటు జేబులోంచి తాళంచేతులు తీశాడు. పిలిస్తే పోవాల్సిందే కదా అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. మారిగో చుట్టురొట్టెలూ ఆలివ్ కాయలూ పొట్లం కట్టి మినాస్ చేతికిచ్చింది. పాపకి నా ముద్దని చెప్పు అంది.

వ్యాను బయల్దేరింది. సముద్రం ఒడ్డు వెంట పోయి, చర్చి దగ్గర తిరిగి, చేపల బజారు చుట్టూ ఒక చుట్టు చుట్టి, మళ్ళీ వచ్చి మారిగో కొట్టు ముందే ఆగింది. ఏమన్నా మర్చిపోయాడేమోనని లాస్కరిస్ గుమ్మంలోకి వచ్చాడు. స్టమాతిస్ కిటికీ అద్దం దించాడు. మినాస్ వైపు చూడలేదు, లాస్కరిస్ వైపూ చూడలేదు. స్టీరింగ్ మీద పేరుకున్న పిండిని వేలితో తుడుస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

“ఊరు దాటాక సోఫియాకి కుడికి పోవాలా, ఎడమకా?”

లాస్కరిస్ తాపీగా రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

“వంగి నేలమీద చూసుకో నాయనా,” అన్నాడు. “నలభై బళ్ళు పోయిన దారి కదా, చక్రాల జాడలు ఇంకా ఉంటాయి.”

స్టమాతిస్ అద్దం ఎత్తేశాడు. మినాస్ పెట్టెని ఒళ్ళోకి తీసుకుని, నూనె సీసా ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఎడమకి,” అన్నాడు.