‘వచ్చేస్తున్నా’ అనే ప్రోగ్రాం

ఇలా దగ్గరికి జరగండి, కబుర్లు ఆపండి! ఓ అక్కాతమ్ముళ్ళ నాన్న పోయి రెండు వారాలైంది. ఆలస్యమైతే అమ్మ కంగారుపడకూడదని ఆయన కంప్యూటర్లో రాసుకున్న ప్రోగ్రాం మాత్రం పావుగంటకోసారి ఆయన గొంతుతోనే “దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా” అంటూనే ఉంది. వీధిలో పిచ్చుకలు కూడా అదే కూస్తున్నాయి. అక్కా తమ్ముడూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

“అక్కా, తెర మీద ఆ బాణం చూడు. ఇప్పుడు ఏ లైను నడుస్తోందో చూపిస్తుంది.”

“మళ్ళీ పైకెళ్ళిపోయిందేంట్రా?”

“నాన్న ఇంటికొచ్చి మీట నొక్కారా అని చూసింది. నొక్కలేదుగా, మళ్ళీ మొదలెట్టింది.”

“నేను నొక్కేస్తా.”

“నొక్కితే ‘నాన్న వచ్చారు’ అని రాసుకుని ఆగిపోతుంది.”

“అంత అబద్ధం నావల్ల కాదు. మళ్ళీ మొదలెట్టే ఆ లైనే తీసెయ్.”

“తీసేస్తే గొంతు కూడా పోతుందే.”

“... వద్దురా. తిరగనీ.”

స్పీకరు ఆపడానికి వచ్చిన కరెంటాయన కళ్ళు తుడుచుకున్నాడు. “ఆ బాణానికి కాస్త కుర్చీ వెయ్యండమ్మా, రెండు వారాల్నుంచీ తిరుగుతోంది, కాళ్ళు పీకేస్తుంటాయి!”